పద్నాలుగు గంటలు

మూడో రోజు కూడా నౌషాద్ ఇంట్లో అన్నం ముట్టలేదు.

పొద్దున్నే లేచి మొహం కడుక్కున్నాడు. ఉప్మా గిన్నె మీద మూత తీసి ఉంది. అటు చూడకుండా ట్రాలీ ఆటో తాళాలు అందుకున్నాడు. గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ తల్లిని మాత్రం అడిగాడు.

"మందేసుకున్నావా అమ్మా?"

"వేసుకున్నాలే. నువ్వు తినిపో," అంది వలీబీ.

"చిల్లకల్లు దగ్గర హోటల్లో తింటా."

రమీజా స్టవ్ ముందు నిలబడి ఉంది. ఎదురుగా గోడకు నాలుగు కాగితాలు అతికించుకుంది. ప్రశ్నలు, వాటి కింద జవాబులు, అన్నీ ఇంగ్లీషులో. గరిటె తిప్పుతూ ఒక్కొక్కటీ నోట్లో చదువుకుంటోంది. ఆటో సందు మలుపు తిరిగిన చప్పుడు వినపడేసరికి ఏ ప్రశ్న దగ్గరుందో మర్చిపోయింది.

వలీబీ మంచం మీద నుంచి కోడలినే చూస్తోంది. పది రోజుల కిందట స్నానాల గదిలో జారిపడి కుడి మణికట్టు విరిగింది. మోచేతి దాకా సిమెంటు కట్టు.

"ఆ మాట అనకుండా ఉండాల్సింది నువ్వు," అంది మెల్లగా.

"ఏ మాట అత్తమ్మా?"

"నాకు దెబ్బ చేతికి తగిలింది. చెవులకి కాదు."

రమీజా స్టవ్ మంట తగ్గించింది. సోమవారం సాయంత్రం అన్న మాట అది. అనేశాక నాలుక కరుచుకున్నా వెనక్కి రాలేదు.

ఆ రోజు నందిగామ సెంటర్ నుంచి వస్తూనే చెప్పింది. మాటలు రాని పిల్లలకు, తమలో తాము ఉండిపోయే పిల్లలకు నేర్పే పని తనది. ఆ పనికి బిహేవియర్ టెక్నీషియన్ అని ఒక సర్టిఫికెట్ ఉంది. వచ్చే నెల నుంచి డిగ్రీ ఉన్నవాళ్ళే ఆ పరీక్ష రాయాలని రూలు మారుతోంది. రమీజా డిగ్రీ రెండో ఏడాదిలోనే ఆగిపోయింది. అందుకని ఈ ఆదివారమే విజయవాడలో రాసెయ్యాలి. ఈ వారం తప్పితే ఇంక ఎప్పటికీ లేదు.

"అమ్మ చెయ్యిరిగి కూర్చుంటే పరీక్షేంది? ఆమెకి స్నానం ఎవరు చేయిస్తారు?" అన్నాడు నౌషాద్.

"ఈ వారం నువ్వు చేయించు."

"కొడుకు చేయిస్తాడా తల్లికి? తెలిసే మాట్లాడుతున్నావా? డిగ్రీ సగం దాకా చదివావ్, చాల్లే. మానెయ్ ఆ పని."

"పదో క్లాసు తప్పినోడికి పరీక్ష సంగతి ఏం తెలుస్తుంది," అంది రమీజా.

అంతే. గొడవ కూడా అవలేదు. నౌషాద్ లేచి బయటికి వెళ్ళి ఆటోలో కూర్చున్నాడు. అప్పటి నుంచి ఆమెతో మాట లేదు, ఇంట్లో తిండి లేదు.

రమీజా అత్తగారికి స్నానం చేయించి, ఉప్మా తినిపించి, ఏడున్నరకి బస్టాండుకి పరిగెత్తింది. బస్సులో నిలబడటానికే చోటు లేదు. ఫోన్ తీసే వీల్లేదు. చిల్లకల్లు దగ్గర బస్సు ఆగినప్పుడు కిటికీలోంచి హోటల్ వైపు చూసింది. నౌషాద్ ట్రాలీ అక్కడ లేదు.

* * *

నందిగామ రైతుపేటలో రెండంతస్తుల ఇంట్లో ఉంది సెంటర్. భారతీదేవి తన సొంత ఇంటినే అట్లా మార్చింది. ఆమె కూతురు కమలాకుమారికి ఇరవై ఆరేళ్ళు. ముందు గదిలో కూర్చుని రోజంతా పూసలు గుచ్చుతుంది. ఆ కూతురి కోసం హైదరాబాదు, మద్రాసు తిరిగి తిరిగి, ఈ చుట్టుపక్కల ఇంకే తల్లీ అట్లా తిరగకూడదని పెట్టిన సెంటర్ ఇది. డిగ్రీ లేని రమీజాకు ఇంకెవరూ ఇవ్వని పని ఇచ్చింది కూడా ఆమే.

"పాఠాలు ఎన్ని గంటలయ్యాయి?" అని అడిగింది భారతీదేవి, రమీజా బ్యాగు పెట్టకముందే.

"నిన్న రాత్రికి ఇరవై ఆరు మేడం."

పరీక్షకు ముందు రెండు కాగితాలు ఆన్‌లైన్లో పంపాలి. నలభై గంటల వీడియో పాఠాలు స్వయంగా చూసి పూర్తి చేసినట్టు ఒకటి. పిల్లలతో పని చేస్తుండగా సూపర్‌వైజర్ కళ్ళారా చూసినట్టు ఇంకొకటి. శుక్రవారం సాయంత్రం ఆరు గంటలు దాటితే తీసుకోరు. ఇవాళ గురువారం.

"ఇంకా పద్నాలుగు గంటలా? వీడియో ఆన్ చేసి పక్కన పడెయ్యమ్మా, దాని దారిన అదే నడుస్తుంది. పనంతా నీకొచ్చిందేగా."

"వింటే తెలిసేవి కొన్ని ఉన్నాయి మేడం."

"అవన్నీ పరీక్షయ్యాక తీరిగ్గా విందువు. నువ్వు పాసవకపోతే నీ పిల్లలందరినీ ఎవరికివ్వను? నీతోపాటు చేసే సుస్మిత చూస్తే హైదరాబాదు వెళ్ళిపోయె." భారతీదేవి ఇంకేదో అనబోయి ఆగింది. "సరేలే, నువ్వేం కంగారుపడకు. ఏదో ఒకటి అవుతుంది."

ఆ మాట అన్న తీరు రమీజాకు కొంచెం వింతగా అనిపించింది. కానీ లోపల అమ్ములు వచ్చి ఉంది. ఆలోచించే తీరిక లేదు.

అమ్ములు అసలు పేరు తిరుపతమ్మ. ఆరేళ్ళది. పెనుగంచిప్రోలు నుంచి వాళ్ళ నాన్న రాంబాబు బండి మీద తీసుకొస్తాడు. ఎనిమిది నెలల కిందట వచ్చినప్పుడు ఏం కావాలన్నా ఏడుపే, కొరకడమే. ఇప్పుడు దాహమేస్తే గ్లాసు బొమ్మ ఉన్న కార్డు తెచ్చి చేతిలో పెడుతుంది. ఎనిమిది నెలలకి వచ్చింది ఆ ఒక్క కార్డే. అయినా రాంబాబు ఆ సంగతి మిరపచేలో కూలీలందరికీ చెప్పుకున్నాడు.

విజయవాడ నుంచి సూపర్‌వైజర్ కిషోర్‌బాబు పదకొండింటికి వచ్చాడు. మూలన కుర్చీ వేసుకుని, ఒళ్ళో కాగితం పెట్టుకుని కూర్చున్నాడు.

"నేను లేననుకుని చెయ్యండి రమీజా గారూ."

ముప్పావు గంట బాగానే నడిచింది. ఆ తర్వాత బొమ్మలు తీసి డబ్బాలో పెట్టే వేళ అమ్ములు కింద పడిపోయి తల గోడకేసి కొట్టుకోవడం మొదలుపెట్టింది. రమీజా దిండు లాగి గోడకూ తలకూ మధ్యన పెట్టింది. దిండు జారితే అరచెయ్యి అడ్డం పెట్టింది. "వద్దు తల్లీ, వద్దు, దెబ్బ తగుల్తది, నా బంగారం కదూ," అంటూ ఆ పిల్ల మొహంలో మొహం పెట్టి బతిమాలింది. నాలుగైదు నిమిషాలకు అమ్ములు అలిసిపోయి ఆగింది. లేచి వెళ్ళి కార్డు తెచ్చి రమీజా చేతిలో పెట్టింది.

నీళ్ళు పట్టిస్తూ రమీజా తన చెయ్యి చూసుకుంది. వేళ్ళ కణుపులు కమిలిపోయాయి.

అమ్ములుని పంపేశాక కిషోర్‌బాబు కాగితం మీద సంతకం చేశాడు. పెన్నుకు మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"దిండు పెట్టడం ఎక్కడ నేర్చుకున్నారు?"

"ఎక్కడా లేదు సార్. చేతికి దొరికింది పెట్టా."

"మంచి పని చేశారు. కానీ దాంతోపాటు ఇంకోటి చేస్తున్నారు, మీకు తెలియకుండా. ట్రైనింగ్‌లో ఆ భాగం చివర్లో వస్తుంది, ముప్ఫై గంటలు దాటాక. అక్కడిదాకా వచ్చారా?"

"ఇంకా లేదు సార్."

"నేను చెబితే మీరు మర్చిపోతారు. మీరే చూడండి. పరీక్ష కోసం కాదు."

భారతీదేవి ఆ మధ్యాహ్నానికీ, శుక్రవారానికీ సెలవిచ్చింది. బస్సెక్కుతూ రమీజా వేళ్ళ మీద లెక్కేసుకుంది. మూడింటికి ఇంటికి చేరితే రేపు ఆరింటి దాకా ఇరవై ఏడు గంటలు. అందులో పద్నాలుగు. వంట, అత్తమ్మ, కొంచెం నిద్ర. అవుతుంది. కష్టం మీద అవుతుంది.

* * *

ఇంటికొచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా ఫోన్ తెరిచింది.

పాఠాల పేజీలో ఇరవై ఆరు లేదు. నలభై ఉంది. పక్కన ఆకుపచ్చ టిక్కు. కింద ఆమె పేరుతో సర్టిఫికెట్.

పేజీ మూసి మళ్ళీ తెరిచింది. అదే ఉంది. ఇంకెవరిదో తెరుచుకుందేమోనని పేరు అక్షరం అక్షరం చదివింది. తన పేరే.

అప్పుడే ఆటో వచ్చి ఆగింది. నౌషాద్ లోపలికొచ్చి, చేతులు కడుక్కుని, నాలుగు రోజుల కిందట కూర్చున్నట్టే పీట వాల్చుకుని కూర్చున్నాడు.

"అన్నం ఉందా?" అన్నాడు.

మంచం మీద వలీబీ చటుక్కున లేచి కూర్చుంది. రమీజా కదల్లేదు.

"ఇదేంది?" ఫోన్ అతని ముందు పెట్టింది.

నౌషాద్ మొహంలో నవ్వొచ్చింది. ఆపుకుందామనుకున్నాడు గానీ ఆగలేదు.

"అయిపోయిందిగా. పొద్దున ఆరున్నరకి పెట్టా. డబుల్ స్పీడులో పెడితే ఏడు గంటల్లో అయిపోతదంట. ఇవాళ కిరాయికి పోలా. మార్కెట్ యార్డు వెనక ఆటో ఆపుకుని ఫోన్ ముందరే కూర్చున్నా. మధ్యలో ప్రశ్నలొచ్చినయ్. జవాబులు మేడం పంపింది, చూసి నొక్కా."

"ఏ మేడం?"

"భారతీదేవి మేడం. నిన్న సాయంత్రం ఫోన్ చేసింది. నీ అకౌంట్ తెరిచింది ఆవిడేగా, పాస్‌వర్డ్ కూడా ఆవిడే చెప్పింది. మీ ఆవిడ మొహమాటపడుతోంది, మీరైనా సాయం చెయ్యండి అంది." పీట ముందుకి జరుపుకున్నాడు. "నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా ఒక్క ప్రశ్నా తప్పు పోలా."

రమీజా గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది.

అతని మీద కోపం రావాలి. రాలేదు. పొద్దున్నుంచి ఎండలో, రేకు కింద, అర్థం కాని భాష వింటూ కూర్చున్న మనిషి. ఇంటికొచ్చి అన్నం అడుగుతున్నాడు.

"నేను చూడకుండా చూశానని ఎట్టా సంతకం పెట్టేది?" అంది.

"అందరూ పెడతారంట."

"ఆ పిల్ల తల పగలగొట్టుకుంటుంటే ఏం చెయ్యాలో అందులోనే ఉందంట. ఆ పద్నాలుగు గంటల్లోనే."

నౌషాద్ మొహంలో నవ్వు పోయింది. ముందున్న ఖాళీ నేల వంక చూశాడు. పీట మీద నుంచి లేవబోయాడు.

"కూర్చో," అంది రమీజా. "అన్నం పెడతా. ఆకలి మీదున్నావు."

పళ్ళెంలో అన్నం, పప్పు, మామిడికాయ పచ్చడి పెట్టి ముందుంచింది. అతను తలెత్తకుండా తిన్నాడు. పళ్ళెం తియ్యబోతుంటే, "నువ్వు చూసుకో. వంటకి సైదాని రమ్మంటా," అన్నాడు. సైదా అతని చెల్లెలు. రెండు వీధుల అవతల ఉంటుంది.

రమీజా ఇరవై ఏడో గంట పాఠం తెరిచింది. నోట్సు పుస్తకంలో తేదీ వేసి, మొదలుపెట్టిన టైము రాసుకుంది.

* * *

రాత్రి పది దాకా చూసి, తెల్లవారుజామున నాలుగింటికి మళ్ళీ మొదలుపెట్టింది. ఇంగ్లీషు అర్థం కాని చోట ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ విన్నది. రెండుసార్లు నెట్ పోయింది. కళ్ళు మండుతున్నాయి. మాటలు చెవిలో పడుతున్నా లోపలికి దిగడం లేదనిపించినప్పుడు లేచి నిలబడి విన్నది.

ఎనిమిదింటికి స్నానాల గదిలోంచి అత్తగారి గొంతు వినపడింది.

"నీళ్ళు నెత్తిన పోస్తావేందిరా, వీపున పొయ్యి. కట్టు తడవనీకు."

"చెయ్యి పైకెత్తు మరి."

"అటు తిరిగి పోస్తుంటే ఎక్కడ పడుతున్నయ్యో నీకెట్టా తెలుస్తది? ఇటు తిరుగు. లంగా కట్టుకునే కూర్చున్నా. నిన్ను కన్నది నేనేగా."

కాసేపు నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు. రమీజా వీడియో ఆపింది. ఆ చప్పుడు వింటూ ఒక నిమిషం కూర్చుని, మళ్ళీ నొక్కింది.

ముప్ఫై నాలుగో గంటలో వచ్చింది కిషోర్‌బాబు చెప్పిన భాగం. ఎవరో పిల్లవాడు, ఎవరో టీచరు. పిల్లవాడు తల కొట్టుకుంటున్నాడు. టీచరు దిండు అడ్డం పెట్టింది. కానీ మాట్లాడలేదు. వాడి మొహంలోకి చూడలేదు. పక్కకు చూస్తూ, దెబ్బ మాత్రం తగలకుండా కాచుకుంది. వాడు ఆగి చెయ్యి చాపగానే అప్పుడు తిరిగి నవ్వింది, అప్పుడు మాట్లాడింది.

కొంతమంది పిల్లలు తల కొట్టుకునేది మనం దగ్గరికొచ్చి బతిమాలడం కోసమేనని చెబుతోంది పాఠం. బతిమాలిన ప్రతిసారీ ఆ పనినే నేర్పుతున్నామని చెబుతోంది.

రమీజా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఎనిమిది నెలలు. రోజూ అదే మాట. వద్దు తల్లీ, నా బంగారం కదూ. ఇంకెప్పుడూ అంత దగ్గరగా కూర్చుని అమ్ములుతో అట్లా మాట్లాడలేదు తను. తల కొట్టుకున్నప్పుడే.

వలీబీ పిలిచింది. వినపడలేదు. మళ్ళీ పిలిస్తే తిరిగి చూసింది.

"ఏమైందే, ఏడుస్తున్నావా?"

"నిద్ర లేక అత్తమ్మా," అంది.

* * *

శుక్రవారం సాయంత్రం అయిదు అయ్యేసరికి పద్నాలుగు గంటలూ అయిపోయాయి. ప్రశ్నలన్నిటికీ తనే మళ్ళీ జవాబులు రాసింది. ఆరు తప్పు పోయాయి. ఫారం తెరిచింది. 'ఈ శిక్షణ నేను స్వయంగా పూర్తి చేశాను' అన్న వాక్యం పక్కన చిన్న గడి ఉంది.

ఇప్పుడది నిజమే. కానీ సర్టిఫికెట్ మీద ఉన్న తేదీ నిన్నటిది.

కిషోర్‌బాబుకు ఫోన్ చేసింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. ఎవరు ఫోన్ చేశారు, ఎవరు పాస్‌వర్డ్ ఇచ్చారు అన్నది మాత్రం నోట్లోనే ఉండిపోయింది. మా ఆయన పెట్టాడు సార్, అంది. అంతే.

కిషోర్‌బాబు మొత్తం విన్నాడు.

"మీ ఆయనకి పాస్‌వర్డ్ ఎవరిచ్చారు?"

రమీజా గుమ్మం వైపు చూసింది.

"రమీజా గారూ, మీరు చెప్పకపోయుంటే నాకు తెలిసేది కాదు. ఇప్పుడు తెలిసింది. నా సంతకం అందులో ఉంది. జరిగిందంతా రాసి ఫారంతో పాటు పెట్టండి. అంతా అంటే అంతా. సగం రాస్తే నా సంతకం వెనక్కి తీసుకుంటా. ఇంకా ముప్పావు గంట టైముంది."

ఫోన్ పెట్టేశాడు.

నౌషాద్ గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"నా పేరు రాయి. పాస్‌వర్డ్ నేనే నీ పుస్తకంలో చూశానని రాయి. ఆవిడనెందుకు లాగడం. నీకు పనిచ్చిన మనిషి. నాకైతే పోయే ఉద్యోగం లేదుగా."

"నువ్వు చూళ్ళేదుగా."

"ఎవరికి తెలుస్తది?"

రమీజా అతని వంక చూసింది. కళ్ళ కింద నలుపు. షర్టు చేతుల మీద పొద్దుటి సబ్బు మరకలు అట్లాగే ఉన్నాయి. ఇంత మంచి మాట చెబుతున్న మనిషికి కాదని చెప్పాల్సి రావడం ఇంకో పనిలా అనిపించింది. ఒళ్ళంతా పట్టేసినట్టుంది.

"రేపు పిల్లలకి ఎక్కడ దెబ్బ తగిలినా ఇట్టాగే రాసుకుంటూ పోతా నేను," అంది. "తగిలిందొకటి, రాసిందొకటి."

నౌషాద్ లేచి ఆమె ఫోనుకి చార్జర్ తెచ్చి పెట్టాడు.

ఇంగ్లీషులో రాయడానికి ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. ముందు తన పేరు రాసింది. తర్వాత నౌషాద్ పేరు. భారతీదేవి పేరు దగ్గర చెయ్యి ఆగిపోయింది. ముందు గదిలో పూసలు గుచ్చే కమలాకుమారి గుర్తొచ్చింది. అయినా రాసింది. అయిదు యాభై రెండుకు పంపింది.

ఆరు దాటి పది నిమిషాలకు కిషోర్‌బాబు దగ్గర నుంచి జవాబొచ్చింది. రెండే వాక్యాలు.

'ఆదివారం పరీక్ష రాయండి, ఫలితం మాత్రం విచారణ అయ్యేదాకా ఆపుతారు. అప్పటిదాకా సెంటర్‌లో పిల్లలతో పని చెయ్యవద్దు.'

రెండోసారి చదువుతుంటే ఫోన్ మోగింది. భారతీదేవి.

నౌషాద్ ఎత్తొద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. రమీజా ఎత్తింది.

"అప్‌లోడ్ అయిందా అమ్మా?" భారతీదేవి గొంతులో ఆత్రం, సంతోషం. "పొద్దున్నుంచి నాకే అన్నం సయించలేదు. ఇందాక రాంబాబు ఫోన్ చేశాడు. అమ్ములు ఇంట్లో కార్డు తీసుకెళ్ళి వాళ్ళమ్మ చేతిలో పెట్టిందంట. వాళ్ళమ్మకి, చూశావా, మొదటిసారి. సోమవారం నీకు చెప్పాలని స్వీట్లు తెస్తానన్నాడు. ఏమ్మా, వింటున్నావా?"

"వింటున్నా మేడం."

"గొంతేంటి అట్లా ఉంది? అయిందా లేదా?"

"అయింది మేడం." రమీజా గోడకు చేరగిలబడింది. "మీతో ఒక మాట చెప్పాలి."

"చెప్పమ్మా," అంది భారతీదేవి. కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడు ఫోన్లో వినపడింది. "తీరిగ్గా చెప్పు. నేనెక్కడికీ పోవట్లేదు."